డ్రాయింగ్ చూడకుండా ఎర్ర ట్యాగ్ కడతారా?

ఇంట్లో రికార్డు చేసి, ఇంట్లోనే మిక్స్ చేసిన రాక్ పాటను తెలిసినవాళ్ళకు పంపితే ఏ మాటలు తిరిగొస్తాయో నాకు కంఠతా వచ్చు. ‘డెమో లాగుంది.’ ‘ప్రొఫెషనల్‌గా లేదు.’ ‘సౌండ్ చాల్లేదు.’ ‘పాట బాగుంది గానీ మిక్స్ పోయింది.’ ‘మంచి స్టూడియోకి వెళ్ళి చేయించుకో.’ ఇలా అనేవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. చాలామంది మేలు కోరేవాళ్ళే. ఉన్నమాట చెప్పి సాయం చేశామన్న నమ్మకంతో ఫోను పక్కన పెడతారు. ఆ నమ్మకాన్నే నేనిక్కడ ఖండిస్తున్నాను. వాళ్ళు ఉన్నమాట చెప్పలేదు, సాయమూ చేయలేదు. పాట పంపిన కుర్రాడు ఆ రాత్రి దేన్ని పెంచాలో, దేన్ని తగ్గించాలో తెలియక తెర ముందు కూర్చుంటాడు. నెల తిరిగేసరికి ఆ పాట హార్డ్‌డిస్కులో ఓ మూల పడి ఉంటుంది. అలా పడి ఉన్న పాటలు నాకు తెలిసినవే పది దాకా ఉన్నాయి. వాటిలో రెండు నావి.

ముందు పూర్వపక్షాన్ని బలహీనపరచకుండా చెబుతాను. అందులో మూడు అంశాలున్నాయి. ఒకటి: మంచి మిక్స్‌కు నమూనా ఉంది, అది పెద్ద కంపెనీ విడుదల చేసిన పాట. ఇంటి మిక్స్ దానికి ఎంత దూరంలో ఉందో చెప్పడమే అభిప్రాయం చెప్పడం. రెండు: పాట చివరికి చేరేది మామూలు శ్రోతకు. అతను వివరాలు అడగడు, నచ్చకపోతే పది సెకన్లలో మార్చేస్తాడు. కనుక వినగానే కలిగిన భావమే అసలు తీర్పు. మూడు: మెత్తగా చెబితే మనిషి ఎదగడు, మొహం మీద చెప్పేవాడే స్నేహితుడు. మూడూ వినడానికి సబబుగానే ఉన్నాయి. మూడింటిలోనూ కొంత నిజముంది కూడా. ఆ కొంత నిజం చాటున పెద్ద తప్పు నడిచిపోతోంది.

నేను బెంగళూరు పీణ్యలో ఒక చిన్న మెషిన్ షాపులో ఇన్‌స్పెక్షన్ బల్ల దగ్గర పనిచేస్తాను. తుమకూరు రోడ్డుకు అటూ ఇటూ 1970ల నుంచి పెరిగిన ఈ పారిశ్రామికవాడలో వేలాది చిన్న షాపులు ఉన్నాయి. లేతులు, మిల్లింగ్ యంత్రాలు, సీఎన్‌సీలు, పవర్ ప్రెస్‌లు, ప్లేటింగ్ తొట్లు. వాటి మధ్య కన్నడంతో పాటు తెలుగు, తమిళం, హిందీ వినిపిస్తాయి. హిందూపురం, మడకశిర, పావగడ, మదనపల్లె వైపు నుంచి ఐటీఐ, డిప్లొమా చదివి వచ్చిన కుర్రాళ్ళు దాసరహళ్ళిలో, చొక్కసంద్రలో ముగ్గురు నలుగురు కలిసి ఒక గది తీసుకుని ఉంటారు. 2014లో మెట్రో పీణ్య దాకా వచ్చాక ఊరి నడుమ జరిగే కచేరీలకు వెళ్ళిరావడం సులువైంది. ఆ గదుల్లో కొన్నింట్లో గోడకు గిటారు వేలాడుతుంటుంది, పాత ల్యాప్‌టాప్ పక్కన రెండు మైకుల ఆడియో ఇంటర్‌ఫేస్ ఉంటుంది. సెకండ్ షిఫ్ట్ ముగిశాక, ఎదురు సందులో ప్రెస్ ఆగాక రికార్డింగ్ మొదలవుతుంది. నేను మాట్లాడుతున్నది ఈ పాటల గురించే.

మా బల్ల మీదికి ఒక షాఫ్ట్ వస్తుంది. డ్రాయింగ్‌లో వ్యాసం 25 మిల్లీమీటర్లు, అటూ ఇటూ 10 మైక్రాన్ల టాలరెన్స్. నేను మైక్రోమీటర్ పెట్టి చూసి, ఎర్ర ట్యాగ్ కట్టి, దాని మీద ‘ప్రొఫెషనల్‌గా లేదు’ అని రాశాననుకోండి. ఆ రోజే నా ఉద్యోగం పోతుంది, పోవాలి కూడా. ట్యాగ్ మీద నేను రాయాల్సినవి: ఏ కొలత, డ్రాయింగ్‌లో ఎంత, వచ్చింది ఎంత, షాఫ్ట్ మీద ఎక్కడ. ఆ నాలుగూ ఉంటే ఆపరేటర్ ఆఫ్‌సెట్ మార్చుకుంటాడు, అరిగిన ఇన్‌సర్ట్ తీసి కొత్తది బిగిస్తాడు. లేకపోతే పాపం ఏం చేస్తాడు? ఒక ఇనుప కడ్డీకి మనం చూపించే ఈ మర్యాద, ఒక మనిషి నిద్ర మానుకుని ఆర్నెల్లు చేసిన పాటకు ఎందుకు చూపించం? పాట మనసుకు సంబంధించింది, దాన్ని కొలవలేం అంటారు. పాట మొత్తాన్ని కొలవలేం, నిజమే. కానీ మిక్స్ అనేది పాటలో చేతిపని భాగం. ఏది ముందుండాలి, ఏది వెనక ఉండాలి, ఏది దేన్ని కప్పేస్తోంది అన్నవే దాని ప్రశ్నలు. వాటికి చోటు ఉంది, కొలత ఉంది, పేరు కూడా ఉంది.

మొదటి అంశానికి వస్తాను: కంపెనీ పాటే నమూనా అనే మాట. దీనికి జవాబు మన అలంకారశాస్త్రంలోనే ఉంది. 11వ శతాబ్దంలో మమ్మటుడు కావ్యప్రకాశంలో దోషాల పట్టిక వేసే ముందు దోషమంటే ఏమిటో తేల్చాడు. కావ్యం ప్రధానంగా చెప్పదలచుకున్నదానికి హాని చేసేదే దోషం అన్నాడు. ఆ తర్వాతే ఒక్కొక్క దోషానికి పేరు పెట్టి, పదంలో ఉన్నదేది, వాక్యంలో ఉన్నదేది, అర్థంలో ఉన్నదేది, రసంలో ఉన్నదేది అని చోటు చూపించాడు. ఆ పట్టికలో మొదట్లోనే కనిపించేది శ్రుతికటువు, అంటే చెవికి గరుకుగా తగిలే పదం. శృంగారంలో అది దోషం. రౌద్రంలో అదే గుణమవుతుంది. ఇలాంటి దోషాలు నిత్యం కావని మమ్మటుడి కన్నా ముందే, 9వ శతాబ్దంలో ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో చెప్పాడు.

రాక్ సంగీతానికి ఇంతకన్నా దగ్గరి మాట నాకు ఇంకెక్కడా దొరకలేదు. గిటారు సంకేతాన్ని ఆంప్లిఫయర్ మోయలేనంతగా తోస్తే తరంగం కొసలు తెగి, కొత్త అనుస్వరాలు పుడతాయి. దాన్నే డిస్టార్షన్ అంటున్నాం. అది కావాలని తెచ్చుకున్న శ్రుతికటువు. దాన్ని విని ‘గరగరమంటోంది’ అని ట్యాగ్ కట్టేవాడు డ్రాయింగ్ చూడలేదన్నమాట. మా వీధిలోనే ఒక కుర్రాడు నైట్ షిఫ్ట్ మీద పాట కట్టాడు. తన ఫోనుతో పట్టిన పవర్ ప్రెస్ చప్పుడుతో పాట మొదలవుతుంది. ఆ దెబ్బ లయలోకే డ్రమ్స్ వచ్చి కలుస్తాయి. విన్న ముగ్గురూ ఒకే మాట అన్నారు: ‘మొదట్లో నాయిస్ ఉంది, తీసెయ్.’ అతను తీసేశాడు. ఇప్పుడా పాట మిగతా వంద పాటల్లా మొదలవుతుంది. ఆ ముగ్గురిలో ఒక్కరైనా ‘ఆ చప్పుడు నువ్వు పెట్టిందేనా?’ అని అడిగి ఉంటే ఆ పాట బతికేది.

పోనీ, నమూనా అనుకున్న కంపెనీ పాటలైనా నిర్దోషాలా? 2008లో మెటాలికా ‘డెత్ మాగ్నెటిక్’ ఆల్బమ్ వచ్చింది. ప్రపంచంలో ఏ సౌకర్యానికీ లోటులేని బృందం అది. ఆ పాటలే ‘గిటార్ హీరో’ అనే వీడియో ఆటలోనూ వచ్చాయి. ఆటలో ఉన్న పాటల్లో డ్రమ్ దెబ్బలకు ఊపిరి ఉంది, సీడీలో లేదు. అంతా ఒకే ఎత్తుకు అణిచిపెట్టి, గట్టిగా వినపడాలన్న తపనతో తరంగం కొసలు చిదిమేశారు. అభిమానులు రెండింటినీ పక్కపక్కన పెట్టి, తరంగాల బొమ్మలు చూపించి, మళ్ళీ మిక్స్ చేయాలని వేల సంతకాలు పెట్టారు. మాస్టరింగ్, అంటే విడుదలకు ముందు చివరి మెరుగు, చేసిన టెడ్ జెన్సెన్, తన దగ్గరికి వచ్చేసరికే మిక్సులు అలా అణిచి ఉన్నాయని చెప్పుకోవాల్సి వచ్చింది. 2011 అక్టోబరు 30న అదే బృందం బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించినప్పుడు పీణ్య నుంచి కూడా గుంపులు గుంపులుగా వెళ్ళారు. ఆ ఆల్బమ్‌ను నమూనాగా పెట్టుకుని తమ మిక్స్‌ను చిదుముకున్న కుర్రాళ్ళను నేనెరుగుదును. నమూనాలోని దోషాన్ని కూడా గుణమనుకోవడం నమూనా పూజ వల్ల వచ్చే నష్టం. ఈ ఉదంతంలో నాకు నచ్చే విషయం ఇంకొకటుంది. ఆ అభిమానులు ‘బాగాలేదు’ అని ఊరుకోలేదు. ఎక్కడ బాగాలేదో, దేనితో పోలిస్తే బాగాలేదో చూపించారు. పెద్ద కంపెనీకి మనం ఇచ్చే ఆ పాటి వివరం దాసరహళ్ళి గదిలో ఉన్నవాడికి ఇవ్వలేమా?

‘స్టూడియోకి వెళ్ళు’ అనే సలహాకూ ఇక్కడే జవాబు చెప్పాలి. ఎ.ఆర్. రెహమాన్ 1989లో చెన్నైలో తన ఇంటి ఆవరణలో పంచతన్ రికార్డ్ ఇన్ కట్టుకున్నాడు. 1992లో దేశమంతా విన్న ‘రోజా’ పాటలు అక్కడ తయారైనవే. అమెరికాలో టామ్ షోల్జ్ పోలరాయిడ్ కంపెనీలో ఇంజినీరు. ఉద్యోగం చేస్తూనే వాటర్‌టౌన్‌లో తన ఇంటి నేలమాళిగలో పాటలు రికార్డు చేసుకున్నాడు, కొన్ని పరికరాలు తనే తయారు చేసుకున్నాడు. రికార్డు కంపెనీ అన్నీ మళ్ళీ స్టూడియోలో చేయమంది. అతను మాత్రం చాలా భాగం నేలమాళిగలోనే చేశాడు. 1976లో వచ్చిన ఆ ‘బోస్టన్’ ఆల్బమ్ ఒక్క అమెరికాలోనే కోటీ డెబ్బై లక్షల ప్రతులు దాటింది. 1982 జనవరిలో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ న్యూజెర్సీలో తానుంటున్న ఇంట్లో నాలుగు ట్రాకుల క్యాసెట్ యంత్రం మీద కొన్ని పాటలు రికార్డు చేశాడు. బ్యాండుకు వినిపించడానికి చేసినవి అవి. తర్వాత బ్యాండుతో స్టూడియోలో వాయించి చూస్తే ఆ పాటల్లోని ఒంటరితనం పోయింది. చివరికి ఆ క్యాసెట్‌నే ‘నెబ్రాస్కా’ పేరుతో విడుదల చేశారు. ‘డెమో లాగుంది’ అన్న మాట దాని విషయంలో అక్షరాలా నిజం. అయినా అది లోపం కాలేదు, ఎందుకంటే ఆ పాటలు చెప్పదలచుకున్నదానికి అది అడ్డం రాలేదు. వీళ్ళ పేర్లు చెప్పింది ఇంటి మిక్సులన్నీ గొప్పవని నమ్మించడానికి కాదు. చాలా ఇంటి మిక్సుల్లో దోషాలుంటాయి, నావాటిలో ఉన్నాయి. ‘ఇల్లు’ అనేది మాత్రం దోషం పేరు కాదు. అసలు పేరు కనుక్కోవడం చెప్పేవాడి పని.

తెలుగువాళ్ళ చెవికి ఇంకో అలవాటుంది, దాన్నీ తీసి పక్కన పెట్టాలి. మనం సినిమా పాట విని పెరిగాం. సినిమా పాటలో గొంతు రాజు, మిగతావన్నీ పరివారం. రాక్‌లో గొంతు చాలాసార్లు గిటార్ల నడుమ నిలబడి పోరాడుతుంది. అందుకే మనవాళ్ళ మొదటి మాట ఎప్పుడూ ‘వాయిస్ పెంచు’. ఇది ఒక్కోసారి సరైన సలహానే, కానీ దాని కారణం చెప్పేవాడికి తెలియాలి. తెలుగులో ‘కల’కూ ‘కళ’కూ, ‘గది’కీ ‘గడి’కీ తేడా పట్టించే ఆనవాళ్ళు ఎక్కువగా 2, 3 వేల హెర్ట్‌జ్ ప్రాంతంలో ఉంటాయి. డిస్టార్షన్ గిటార్లు దట్టంగా ఆక్రమించేదీ ఆ చోటే. ‘గడి’కీ ‘గడ్డి’కీ తేడా ద్విత్వంలో కాస్త ఎక్కువసేపు నిలిచే చిటికెడు, ఇంచుమించు నిశ్శబ్దం. గొంతు మీద రెవర్బ్ అనే ప్రతిధ్వని ఎక్కువైతే ఆ నిశ్శబ్దం నిండిపోతుంది, గడ్డి కాస్తా గడి అయిపోతుంది. అలాంటప్పుడు వాయిస్ పెంచితే అర్థంకాని మాటే గట్టిగా వినిపిస్తుంది. గిటార్లలో ఆ ప్రాంతాన్ని రెండు డెసిబెల్స్ దించడమో, రెవర్బ్ తగ్గించడమో మందు. ఇంగ్లిష్ పాటను నమూనాగా పెట్టుకుని ఇచ్చే సలహా తెలుగు ఒత్తుల సంగతి చూడదు. మన భాషలో రాక్ పాడేవాళ్ళకు మన భాష ఎరిగిన చెవులు సాయపడాలి.

రెండో అంశం: వినగానే కలిగిన భావమే తీర్పు. దీనికి మా కొలతల గది సమాధానం చెబుతుంది. పొడవు కొలతలకు ప్రపంచమంతా ఒప్పుకున్న ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్. 100 మిల్లీమీటర్ల ఉక్కు ముక్క 10 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 12 మైక్రాన్లు పెరుగుతుంది. యంత్రం మీదినుంచి వేడివేడిగా తీసి కొలిస్తే మంచి ముక్క కూడా రిజెక్ట్ అవుతుంది. మైక్రోమీటర్ అబద్ధం చెప్పలేదు, కొలిచిన పరిస్థితి తప్పు. చెవి విషయంలోనూ అంతే. 1933లో బెల్ లాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మనిషి చెవి ఎలా వింటుందో గీతలు గీసి చూపించారు. శబ్దం మెల్లగా ఉన్నప్పుడు అడుగు స్వరాలు చెవికి ముందుగా మాయమవుతాయి, పెంచేకొద్దీ అవి తిరిగొస్తాయి. కాబట్టి ఒకే మిక్స్‌ను ఒకడు రాత్రి పక్కవాళ్ళు లేస్తారని మెల్లగా విని ‘బేస్ లేదు’ అంటాడు, ఇంకొకడు కారులో గట్టిగా విని ‘బేస్ ఎక్కువైంది’ అంటాడు. ఇద్దరూ తమకు వినిపించిందే చెప్పారు. ఇద్దరి మాటా విని మిక్స్ మార్చినవాడు మాత్రం గుంటలో పడ్డాడు.

‘సౌండ్ చాల్లేదు’ అన్న మాట కూడా ఈ కోవలోదే. రెండు పాటల్లో కొంచెం గట్టిగా మోగేదే మంచి మిక్స్ అనిపిస్తుంది. ఇది చెవి స్వభావం, ఎంత అనుభవం ఉన్నా తప్పదు. మాస్టరింగ్ అయిపోయిన కంపెనీ పాటను, మాస్టరింగ్ కాని ఇంటి మిక్స్‌ను వెంటవెంటనే విని తీర్పు చెప్పడమంటే ఒక ముక్కను వేడి మీద, ఒక ముక్కను చల్లారాక కొలవడమే. స్పాటిఫై వంటి యాప్‌లు మామూలుగా అన్ని పాటలనూ మైనస్ 14 లఫ్స్ అనే గట్టిదనానికి దగ్గరగా తెచ్చి వినిపిస్తున్నాయి. గట్టిగా పిండిన పాటను అవే దించేస్తాయి. అలాంటప్పుడు గట్టిదనం కోసం పాట ఊపిరి తీయమని సలహా ఇవ్వడం ఏం న్యాయం? పోల్చాలంటే ముందు కంపెనీ పాట వాల్యూమ్ దించి రెండింటినీ ఒక ఎత్తుకు తేవాలి. దానికి అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషం వెచ్చించని మాటకు తీర్పు అనే పేరు తగదు.

నా అనుభవం ఒకటి చెబుతాను. దాసరహళ్ళిలో నా గది పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, స్లాబు ఎత్తూ ఇంచుమించు అంతే. పాట మిక్స్ చేసి ఐదుగురికి ఇచ్చాను. ఇద్దరు బేస్ తగ్గించమన్నారు, ఇద్దరు పెంచమన్నారు. ఐదోవాడు ప్రొఫెషనల్‌గా లేదన్నాడు. నెల రోజులు పెంచుతూ తగ్గిస్తూ గడిపాను. ఆఖరికి మా షాపులో మెయింటెనెన్స్ చూసే పెద్దాయన, మడకశిర వైపు మనిషి, టీ తాగే వేళ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాడు. ఆయనకు రాక్ అంటే ఏమిటో తెలియదు. స్క్రూడ్రైవర్ కొన బేరింగ్ మీద, పిడి చెవి దగ్గర పెట్టుకుని ఏ బేరింగ్ పోతోందో చెప్పగలిగే మనిషి. రెండుసార్లు విని అన్నాడు: ‘ఏమప్పా, పల్లవి రెండోతూరి వచ్చేటప్పుడు ఆ లావు గిటారులో ఒక్క దెబ్బ మాత్రం ఉబ్బుతాంది చూడు. మిగిలినవన్నీ సరిగానే ఉండాయి. ఆ ఒక్కటి ఎందుకట్ల?’

ఇంటికి వెళ్ళి చూశాను. ఉబ్బుతున్నది బేస్ గిటారు ‘ఏ’ తీగ వట్టి స్వరం, 55 హెర్ట్‌జ్. శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది. పది అడుగుల గదిలో గోడకూ గోడకూ మధ్య మొదటగా నిలిచిపోయే తరంగం 56 హెర్ట్‌జ్ దగ్గర ఉంటుంది. ఆ తరంగం గోడల దగ్గర బలంగా, గది నడుమ దాదాపు శూన్యంగా ఉంటుంది. నేను కుర్చీ వేసుకున్నది సరిగ్గా గది నడుమ. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ ఒకటే కావడంతో ఆ శూన్యం మూడు దిశల్లోనూ ఒకే స్వరం మీద పడింది. నాకు ఆ స్వరం వినపడక ఆరు డెసిబెల్స్ పెంచాను. ఆ గదిలో లేనివాళ్ళందరికీ అది ఉబ్బి వినిపించింది. పెంచింది తీసేశాను, కుర్చీని పొడవులో మూడో వంతుకు జరిపాను, తుది నిర్ణయం హెడ్‌ఫోన్స్ మీద తీసుకున్నాను. ఒక్క రాత్రిలో పని అయిపోయింది.

పెద్దాయన ఇచ్చింది వినగానే కలిగిన భావమే అని ఎదుటివారు అనవచ్చు. కాదనను, అందుకే రెండో అంశంలో కొంత నిజముందన్నాను. మామూలు శ్రోత చెవికి విలువ ఉంది, చాలాసార్లు పరికరాల పిచ్చి ఉన్నవాడి చెవికన్నా ఎక్కువ విలువ ఉంది. ‘రెండో చరణంలో మాట అర్థం కాలేదు నాయనా’ అని అమ్మ చెబితే అది మేలురకం అభిప్రాయం. డాక్టరు దగ్గర రోగి ఎక్కడ నొప్పో, ఎప్పుడు నొప్పో చెబుతాడు. మందు పేరు చెప్పడు, ‘నా ఒళ్ళు ప్రొఫెషనల్‌గా లేదు’ అని కూడా అనడు. శ్రోత కూడా అలాగే చెబితే చాలు: ఎక్కడ, ఎప్పుడు, ఏమనిపించింది, దేని మీద విన్నాను. పెద్దాయన చెప్పినవి సరిగ్గా అవే. అడుగు స్వరాలు పలకలేని చిన్న ఫోన్ స్పీకర్‌లో విని ‘బేస్ లేదు’ అనేవాడు కనీసం ‘ఫోన్‌లో విన్నాను’ అని కలిపితే ఆ మాటకూ విలువ వస్తుంది. ఫోన్‌లో కూడా బేస్ ఆనవాలు తెలియాలంటే దాని పై అనుస్వరాలను కొంచెం తేల్చాలని మిక్స్ చేసేవాడు గ్రహిస్తాడు.

మూడో అంశం: మొహం మీద చెప్పడం. నేను మెత్తదనం కోసం వాదించడం లేదు. ఎర్ర ట్యాగ్ కట్టే ఉద్యోగం నాది, రోజూ కాదని చెప్పడమే నా పని. కానీ కటువుకూ ఖచ్చితత్వానికీ సంబంధం లేదు. ‘చెత్తగా ఉంది’ అన్న మాటలో ఎంత ధైర్యం ఉన్నా సమాచారం సున్నా. ‘స్నేర్ డ్రమ్ గొంతుకన్నా ముందుకొచ్చింది, ముఖ్యంగా ఒకటిన్నర నిమిషం దగ్గర’ అన్న మాటలో కోపం లేదు, సమాచారమంతా ఉంది. మొహం మీద చెప్పేవాళ్ళలో చాలామంది కష్టమైన భాగాన్ని తప్పించుకుంటున్నారు. కష్టమైన భాగం మూడుసార్లు వినడం, చోటు గుర్తుపెట్టుకోవడం, మన చెవి తప్పేమో అని ఒకసారి అనుమానించడం. ఆ శ్రమ మానేసి కటువుగా మాట్లాడటాన్ని నిజాయితీ అని పిలుచుకుంటున్నారు. ‘సూపర్ అన్నా, అదిరింది’ అనేవాడూ తప్పించుకుంటున్నది ఆ శ్రమే. పొగడ్త, తిట్టు రెండూ ఎదురెదురు గుంపులనుకుంటాం. వినని చెవి నుంచి వచ్చినప్పుడు రెండూ ఒకటే. పొగడ్త అయినా చోటు చెప్పాలి. ‘చివరి పల్లవిలో రెండు గిటార్లు అటూ ఇటూ విడిపోయినప్పుడు ఒళ్ళు జలదరించింది’ అంటే ఆ కుర్రాడు ఆ పనిని తర్వాతి పాటలోనూ నిలబెట్టుకుంటాడు.

ఇక సిద్ధాంతం చెబుతాను. దోషమంటే ఆ పాట ఉద్దేశానికి అడ్డం వచ్చేది, అంతే. కాబట్టి మిక్స్ మీద మాట చెప్పదలచినవాడు ముందు ఉద్దేశం అడగాలి: ఈ పాట ఎలా తగలాలని నీ కోరిక? ఏ పాట నీ మనసులో ఉంది? ఇందులో ఏది తెలిసి పెట్టావు, ఏది తెలియక వచ్చింది? 50 హెర్ట్‌జ్ కరెంటు గుర్రు తెలియక వచ్చినదైతే గిటారు కేబుల్, ఎర్తింగ్ చూడమనాలి. తెలిసి ఉంచినదైతే దాని జోలికి పోకూడదు. తర్వాత నాలుగు విషయాలు చెప్పాలి: ఎన్నో నిమిషం, ఏ వాద్యం, ఏమవుతోంది, దేని మీద ఎంత గట్టిగా విన్నాను. మందు తెలిస్తే చెప్పాలి, తెలియకపోతే లక్షణం చెప్పి ఊరుకోవాలి. పదిహేను లోపాలు వినిపించినా అన్నింటికన్నా పెద్దవి రెండు చెబితే చాలు. ఎందుకంటే గొంతును గిటార్లు కప్పేస్తున్న సంగతి సరిదిద్దితే మిగతా పదమూడులో సగం వాటంతటవే పోతాయి.

పాట పంపేవాడికీ ఒక బాధ్యత ఉంది. ‘ఎలా ఉందో చెప్పండి’ అని ఊరికే పంపడమంటే డ్రాయింగ్ లేకుండా ముక్కను బల్ల మీద పడేయడం. ‘గొంతు వెనక ఉండాలనే ఉంచాను, కానీ మాట తెలుస్తోందా? బేస్, కిక్ డ్రమ్ ఒకదాన్నొకటి కప్పుకుంటున్నాయా?’ అని అడిగితే వినేవాడికి చెవి ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. మా పీణ్యలోనే ఇస్రో ట్రాకింగ్ కేంద్రం ఇస్‌ట్రాక్ ఉంది. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగడాన్ని అక్కడినుంచే పర్యవేక్షించారు. చంద్రుడి దగ్గర నుంచి వచ్చే ఆ సన్నని సంకేతాన్ని రొదలోంచి ఏరగలిగారంటే, ఎప్పుడు, ఏ పౌనఃపున్యంలో, ఎలాంటి సంకేతం రావాలో ముందే తెలిసి ఉండటం అందుకు పెద్ద కారణం. దేనికోసం వింటున్నామో తెలిస్తే చెవికి బలం వస్తుంది.

తెలుగులో రాక్ పాటకు పెద్ద కంపెనీల దన్ను లేదు. సినిమా పాట నీడలో, అద్దె గదుల్లో, షిఫ్టుల మధ్య దొరికిన గంటల్లో అది పుడుతోంది. దానికున్న స్టూడియో ఆ పది అడుగుల గది, దానికున్న ఇంజినీరు ఆ కుర్రాడు, దానికున్న క్వాలిటీ విభాగం మనమే, ఆ పాట ముందుగా అందుకునే నలుగురం. మన మాట వట్టిదైతే అతనికి వేరే దిక్కు లేదు.

మా షాపులో ఒక నియమం ఉంది. ఎర్ర ట్యాగ్ మీద కారణం రాసే గడి ఖాళీగా ఉంటే స్టోరు ఆ ముక్కను తీసుకోదు. ఆపరేటర్‌ను పిలవదు, ముక్కను స్క్రాప్‌లో వేయదు. ట్యాగ్‌ను ఇన్‌స్పెక్టరుకే తిప్పి పంపుతుంది, వెళ్ళి మళ్ళీ కొలిచి రమ్మంటుంది. పాట పంపిన కుర్రాళ్ళకు నేను చెప్పేదీ అదే. ‘ప్రొఫెషనల్‌గా లేదు’ అని ఎవరైనా అంటే పాటను మూల పడేయవద్దు. ఎన్నో నిమిషంలో, ఏ వాద్యంలో అని అడిగి, పాటను వాళ్ళకే మళ్ళీ పంపండి.